థార్ లాంటి 4×4 బండిని రోజూ నడుపుతున్నారా? కిలోమీటరు ఖర్చు ఇలా లెక్కేయండి, ఇలా తగ్గించుకోండి

నా ఇల్లు హనుమకొండలో, పని ములుగులో. పోనూ రానూ రోజుకు దాదాపు వంద కిలోమీటర్లు. మూడేళ్లుగా ఈ తిరుగుడంతా డీజిల్ థార్ మీదే. 4×4 అంటే ఇంజన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంపగల బండి. బంకులో, చాయ్ హోటల్ దగ్గర, చుట్టాల ఇళ్లలో, ఎక్కడ ఆపినా ఒకటే ప్రశ్న: "మైలేజీ ఎంతిస్తుందన్నా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి నాకు ఒకటి అర్థమైంది. మైలేజీ ఒక్కటే తెలిస్తే జేబుకు ఒరిగేది తక్కువ. కిలోమీటరుకు ఎన్ని రూపాయలు పోతున్నాయి, అందులో బండి కదిలినందుకు ఎంత, ఇంటి ముందు ఉన్నందుకే ఎంత అన్నది తెలియాలి. ఆ రెండూ విడివిడిగా తెలిసిన రోజున ఏ పనికి ఈ బండి తీయాలో, ఏ పనికి స్కూటీ చాలో మీకే తెలిసిపోతుంది. థార్, జిమ్నీ, గూర్ఖా, పాత జీపు, ఏదైనా పద్ధతి ఇదే.

మొదటి పని: ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క

మీటరు బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను కొన్నాళ్లు పక్కన పెట్టండి. అది ఇంజన్‌లోకి చిమ్మిన ఇంధనాన్ని బట్టి కంప్యూటర్ వేసుకునే అంచనా. నా బండిలో అది ఎప్పుడూ ఒక కిలోమీటరు ఎక్కువే చూపిస్తుంది.

ఇలా చేయండి. మీరు రోజూ పోయే బంకునే ఎంచుకోండి. ట్యాంకు ఫుల్ చేయించండి. నాజిల్ మొదటిసారి "టక్" మని ఆగగానే చాలు అనండి. బంకులో పిల్లవాడు అలవాటు కొద్దీ బండిని ఊపి ఇంకో లీటరు పట్టిస్తాడు, లేదంటే బిల్లు రౌండ్ ఫిగర్ చేస్తానంటాడు. వద్దని ముందే చెప్పండి. పొడవాటి ట్యాంకులో ఆ ఊపుడుకు లీటరు, లీటరున్నర తేడా వస్తుంది. ఓడోమీటర్ రీడింగును ఫోనులో ఫొటో తీసుకోండి. తిరిగి పావు ట్యాంకు మిగిలినప్పుడు అదే బంకులో, కుదిరితే అదే పంపు దగ్గర, అదే పద్ధతిలో ఫుల్ చేయించండి.

నా లెక్క ఒకటి చెప్తాను. మొదటి రీడింగు 86,236. రెండోసారి 86,748. నడిచింది 512 కిలోమీటర్లు. పట్టిన డీజిల్ 43.2 లీటర్లు. 512ను 43.2తో భాగిస్తే 11.85. లీటరు 95 రూపాయల 50 పైసల చొప్పున బిల్లు 4,126 రూపాయలు. అంటే కిలోమీటరుకు 8 రూపాయల 6 పైసలు. అదే ట్యాంకుకు మీటరు బోర్డు చూపించింది 13.1.

ఒక్క ట్యాంకుతో నిర్ణయానికి రావద్దు. మూడు ట్యాంకుల కిలోమీటర్లన్నీ కలిపి, మూడు బిల్లుల లీటర్లన్నీ కలిపి భాగించండి. నింపడంలో జరిగే చిన్న తేడాలు అప్పుడు సర్దుకుపోతాయి.

టైర్లు మార్చిన వాళ్లకు ఒక హెచ్చరిక. కంపెనీ టైరు 255/65 ఆర్18 తీసేసి 265/70 ఆర్18 వేయించారనుకోండి. కొత్త టైరు ఎత్తు దాదాపు 5 శాతం ఎక్కువ. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది కానీ ఓడోమీటర్‌కు ఆ సంగతి తెలియదు. అది 100 చూపిస్తే మీరు నిజంగా 105 నడిచినట్టు. "పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయింది" అనే మాటలో కొంత నిజమే, కొంత ఈ లెక్క తప్పు. ఓడోమీటర్ అంకెను 1.05తో గుణించి అప్పుడు భాగించండి. స్పీడోమీటర్‌దీ అదే కథ. ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు కంపెనీ టైర్లతో పోతున్న దానికన్నా మీరు 5 శాతం ఎక్కువ వేగంతో పోతుంటారు. కెమెరా చలానా వచ్చినప్పుడు ఇది గుర్తుకొస్తుంది.

రెండో పని: కదిలితే అయ్యే ఖర్చు, ఉంటేనే అయ్యే ఖర్చు

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు బండి కదిలితేనే అయ్యేవి రాయండి: డీజిల్, టైర్లు, సర్వీసు. కుడి వైపు కదలకున్నా అయ్యేవి: ఇన్సూరెన్స్, బండి ధర తరుగుదల, లోను ఉంటే వడ్డీ.

నావి ఇలా ఉన్నాయి. డీజిల్ 8.06. నాలుగు టైర్లకు 56,000 అయింది, 45,000 కిలోమీటర్లు వచ్చాయి, అంటే కిలోమీటరుకు 1.24. సర్వీసు, చిల్లర రిపేర్లు పది వేల కిలోమీటర్లకు సుమారు 12,000, అంటే 1.20. మొత్తం కలిపితే కదిలినందుకు పదిన్నర రూపాయలు.

ఇక కుడి వైపు. నేను ఏడాదికి దాదాపు 30,000 కిలోమీటర్లు తిరుగుతాను. ఇన్సూరెన్స్ 30,000 రూపాయలు కాబట్టి కిలోమీటరుకు ఒక రూపాయి. 18 లక్షల బండి అయిదేళ్ల తర్వాత పది లక్షలకు పోతుందనుకుంటే, 8 లక్షలను లక్షా యాభై వేల కిలోమీటర్లకు పంచితే 5.33. రెండూ కలిపి 6.33. మొత్తం మీద కిలోమీటరుకు దాదాపు 17 రూపాయలు.

ఇప్పుడు ఏడాదికి పది వేలే నడిపే మనిషి లెక్క చూడండి. బండి తక్కువ తిరిగింది కాబట్టి అయిదేళ్ల తర్వాత 12 లక్షలు పలికిందనుకుందాం. 6 లక్షల తరుగుదల 50,000 కిలోమీటర్లకు పంచితే 12 రూపాయలు. ఇన్సూరెన్స్ 3. కుడి వైపే 15 అయింది. ఆయనకు మైలేజీ 12 నుంచి 13కు పెరిగితే కిలోమీటరుకు మిగిలేది అరవై పైసలు. ఆయన మైలేజీ గురించి టెన్షన్ పడటం కన్నా అంత ఖరీదైన వేరియంట్ అవసరమా అని ఆలోచించడమే నయం. నాలాగా రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం ఎడమ వైపు ప్రతి పైసా లెక్కే. కింద చెప్పేవన్నీ ఆ ఎడమ వైపు గురించి.

మూడో పని: చిన్న ట్రిప్పులు తీసేయండి

నయీంనగర్ నుంచి సుబేదారికి కూరగాయల కోసం, పిల్లల ట్యూషన్ కోసం పోనూ రానూ ఎనిమిది కిలోమీటర్లు అనుకోండి. ఇంజన్ వేడెక్కే లోపే పని అయిపోతుంది. రెండు టన్నులకు దగ్గరగా ఉండే బండిని ప్రతి సిగ్నల్ దగ్గర ఆపి, మళ్లీ లాగాలి. చౌరస్తా ట్రాఫిక్‌లో నా బండి లీటరుకు ఎనిమిది కూడా కష్టంగా ఇస్తుంది. అంటే ఆ ఎనిమిది కిలోమీటర్లకు 95 రూపాయల డీజిల్. లీటరుకు 45 ఇచ్చే స్కూటీ మీద, పెట్రోలు 107 చొప్పున, 19 రూపాయలు. నెలకు 25 రోజులు అయితే తేడా సుమారు 1,900. టైర్లు, క్లచ్ ప్లేట్లు ఇందులో కలపలేదు.

ఇదంతా చూశాక నేను ఇంట్లో చెప్పిన మాట ఒక్కటే: అయిదు కిలోమీటర్ల లోపు పనికి థార్ తాళం ముట్టుకోవద్దు, వాన కురుస్తుంటే తప్ప. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే పాటించగలిగితే ఇదే పాటించండి.

ఒక్కరే హైదరాబాద్ పోవాల్సి వస్తే కూడా లెక్కేయండి. పోనూ రానూ 290 కిలోమీటర్లు, పదిన్నర చొప్పున మూడు వేలు దాటుతుంది, పైన టోల్. కాజీపేటలో రైలెక్కితే అందులో చిన్న వంతు. నలుగురు కలిసి పోతే మాటే వేరు, అప్పుడు బండే తీయండి. ఇంట్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. మా ఇంటావిడ పుట్టింటికి ఒక్కతే పోయేటప్పుడు బస్సుకే పోతానంటుంది, నేను ఆపను.

నాలుగో పని: 80 దగ్గర ఆగండి

థార్ ముందు భాగం చూడండి. నిలువు అద్దం, చదునైన బానెట్, బయటికి పొడుచుకొచ్చిన ఫెండర్లు. గాలిని చీల్చుకుని పోయే ఆకారం కాదు, గాలిని గోడలాగా నెట్టుకుంటూ పోయే ఆకారం. గాలి అడ్డుకునే బలం వేగంతో పాటు సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే వేగం పెరిగింది పావు వంతే, గాలి అడ్డు పెరిగింది 56 శాతం. సెడాన్ కారుకు కూడా ఇదే సూత్రం, కానీ దానికి మొదట్లోనే అడ్డు తక్కువ కాబట్టి దెబ్బ అంతగా తెలియదు.

నేను దీన్ని ములుగు రోడ్డు మీద పరీక్షించాను. ఒక నెల ఖాళీ రోడ్డు దొరికిన చోటల్లా 95, 100 మీద పోయాను. 11.6 వచ్చింది. తర్వాతి నెల ఏం జరిగినా 80 దాటలేదు. 13.4 వచ్చింది. నెలకు 2,400 కిలోమీటర్లకు దాదాపు 28 లీటర్ల తేడా, అంటే 2,650 రూపాయలు. టైము ఎంత పోయిందంటారా? ఆత్మకూరు, గూడెప్పాడు, మల్లంపల్లి, జాకారం, వరసగా ఊళ్లు, స్పీడు బ్రేకర్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ఎంత తొక్కినా అక్కడ ఆగాల్సిందే. ఒక వైపుకు నాకు పోయింది అయిదారు నిమిషాలు.

బ్రేకు వేయడం కూడా ఖర్చే. డీజిల్ కాల్చి తెచ్చుకున్న వేగాన్ని బ్రేకులో వేడిగా పోగొడుతున్నాం. ముందు ఊరి బోర్డు కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, గేరులోనే ఉంచండి. ఇప్పటి ఇంజన్లు అలాంటప్పుడు ఇంధనం చిమ్మడమే ఆపేస్తాయి. న్యూట్రల్ చేసి దొర్లిస్తే డీజిల్ మిగులుతుందని కొందరు నమ్ముతారు. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ బ్రేకింగ్ ఉండదు. దయచేసి అలా చేయకండి.

అయిదో పని: టైర్లు

ఒకసారి మంగపేట దగ్గర గోదావరి ఇసుకలోకి దిగడానికి నాలుగు టైర్లలో గాలి 20 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) తగ్గించాను. ఇసుకకు అది సరైన పనే. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో గాలి కొట్టే చోటు మూసేసి ఉంది. ఇంటికొచ్చాక కొంత కొట్టించి, పూర్తిగా చూసుకోకుండా మూడు వారాలు అలాగే ములుగు తిరిగాను. తర్వాత ఆత్మకూరులో పంక్చర్ వేయించుకుంటుంటే మిస్త్రీ టైరు మీద అరచేయి పెట్టి చూపించాడు.

"సార్, జర ఇటు చూడుండ్రి. రెండు అంచులు అరిగినయ్, నడుమ అట్లనే ఉంది. గాలి తక్కువతోని తిప్పిన్రు."

చేత్తో తడిమితే తెలిసింది. మధ్యలో గళ్లు వేలి గోరంత లోతున్నాయి, అంచుల్లో సగమే ఉన్నాయి. టైరు అరుగుదలను మీరు కూడా ఇలాగే చదవండి. అంచులు అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక్క పక్కే అరిగితే వీల్ అలైన్‌మెంట్ పోయింది.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి కదలక ముందు చూసుకోవాలి. నాలుగైదు వందల రూపాయల గేజి ఒకటి డ్యాష్‌బోర్డులో పడేసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం యాభై కిలోమీటర్లు నడిచిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి తగ్గిస్తే మర్నాడు పొద్దుటికి తక్కువైపోతుంది.

గాలి ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ పడేది సుమారు 0.2 శాతమే. డీజిల్ పరంగా పెద్ద నష్టం కాదు. అసలు నష్టం ఏంటంటే, 45,000 రావాల్సిన టైరు 30,000కే పోతుంది. 56,000 రూపాయల సెట్టు మీద కిలోమీటరుకు 60 పైసలకు పైగా పెరిగినట్టు.

బురద టైర్ల సంగతి. పెద్ద పెద్ద గళ్లున్న ఎంటీ టైర్లు ఫొటోలో బాగుంటాయి. తారు రోడ్డు మీద మోత, బరువు, దొర్లడానికి అడ్డు, తొందరగా అరగడం, అన్నీ ఎక్కువే. నెలకు రెండుసార్లు పొలం బాట పట్టేవాళ్లకు తారుకూ మట్టికీ పనికొచ్చే ఏటీ టైర్లు చాలు. పూర్తిగా హనుమకొండ, కాజీపేట, హైదరాబాద్ మధ్యనే తిరిగేవాళ్లయితే కంపెనీ ఇచ్చినవే ఉంచుకోండి. పది వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో కలిపి అయిదు టైర్లను చోట్లు మార్పించండి.

ఆరో పని: డీజిల్ బండికి వారానికో పొడుగు పరుగు

బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధన) డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. హైవే మీద వేడి బాగా ఎక్కినప్పుడు ఆ మసి కాలి బూడిదవుతుంది. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగితే అంత వేడి రాదు, మసి పేరుకుపోతుంది. అప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి కాల్చాలని చూస్తుంది. సగంలో మీరు ఇంటికొచ్చి తాళం తిప్పేస్తే ఆ పని ఆగిపోతుంది, కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడండి. మట్టం పై గీత దాటి పెరిగినా, ఆయిల్ నుంచి డీజిల్ వాసన వచ్చినా సర్వీసు వాళ్లకు వెంటనే చూపించండి.

మందు సులువు. వారానికి ఒకసారి, మూడో నాలుగో గేరులో 60 పైన, ఆపకుండా ఇరవై నిమిషాలు. హనుమకొండ వాళ్లకు స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి రావడం సరిపోతుంది. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు బండి ఆపకండి, హైవే ఎక్కించండి. ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు పనికొచ్చే గ్రేడే పోయించండి. మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బయట చౌక డబ్బా పోయించి ఓ వెయ్యి మిగుల్చుకుంటే, వడపోత మార్చాల్సి వచ్చిన రోజున దానికి ఎన్నో రెట్లు పోతుంది.

పెట్రోలు థార్, జిమ్నీ వాళ్లకు ఈ బాధ లేదు. వాళ్ల చిక్కు వేరే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. పాత జిప్సీలు, పాత పెట్రోలు జీపుల వాళ్లు మైలేజీ తగ్గిందంటే నేను నమ్ముతాను.

ఏడో పని: 4×4 లివరును అవసరానికే వాడండి

మన దగ్గర 4×4 ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పేది 2023 జూలై. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కన భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగింది. ఆ వారం ఈ బాటల్లో తిరిగిన వాళ్లకు ఆ లివరు విలువ తెలుసు.

కానీ పొడి తారు రోడ్డు మీద 4హెచ్ (ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందే స్థానం) వేసి నడపకండి. థార్, జిమ్నీ, గూర్ఖాల్లో ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య డిఫరెన్షియల్, అంటే రెంటినీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, ఉండదు. మలుపులో ముందు చక్రాలు తిరగాల్సిన దూరం వేరు, వెనకవి తిరగాల్సిన దూరం వేరు. బురదలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారే వీలుండదు, టైరు గీసుకుపోతుంది, గేర్లు బిగుసుకుంటాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, డీజిల్ తాగుతుంది. బురద దాటగానే వెనక చక్రాలకే బలం అందే 2హెచ్‌కు తెచ్చేయండి. అలాగని ఏడాదంతా లివరు ముట్టకుండా ఉండొద్దు. నెలకొకసారి మొరం బాట మీద రెండు మూడు కిలోమీటర్లు 4హెచ్‌లో తిప్పితే లోపల ఆయిల్ అన్ని చోట్లకూ అందుతుంది.

వాగు దాటారా, నీళ్లు ఇరుసు పైకి వచ్చాయా? ఆ వారంలోనే డిఫరెన్షియల్ బోల్టు విప్పించి ఆయిల్ చూడండి. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టే. ఆయిల్ మార్పిస్తే రెండు మూడు వేలతో పోతుంది. వదిలేస్తే బేరింగులు, గేర్లు పోతాయి.

ఎనిమిదో పని: బరువు దించండి

రూఫ్ క్యారియర్, ఇనుప బంపరు (బుల్‌బార్), వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), రెండో స్టెప్నీ. ఒక్కోటి ముప్పై, నలభై కిలోలు. 45 కిలోల అదనపు బరువుకు మైలేజీ సుమారు ఒక శాతం పడుతుంది, రూఫ్ మీద పెట్టినదైతే గాలి అడ్డు దానికి అదనం. బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పాదచారులకు ప్రమాదం. తీసేయించండి. క్యారియర్‌ను మేడారం జాతరకు, దూర ప్రయాణాలకు బిగించుకుని, రాగానే విప్పేయండి.

ఇంకా కొనని వాళ్లకు

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం ఇంజన్ సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 1,500 సీసీ దాటిన కారుకు ఏడాదికి 7,897 రూపాయలు, 1,000 నుంచి 1,500 మధ్య అయితే 3,416. పైన జీఎస్టీ. 2.2 డీజిల్, 2.0 పెట్రోలు థార్లు మొదటి కోవలోకి వస్తాయి. 1.5 డీజిల్ థార్, జిమ్నీ రెండో కోవలోకి వస్తాయి. 1.5 డీజిల్ థార్‌కు 4×4 రాదు. బురదలోకి ఎప్పుడూ దిగని వాళ్లు, ఆకారం నచ్చి తీసుకునే వాళ్లు అది చూడొచ్చు. పని కోసం అడవి బాట పట్టేవాళ్లు 4×4 లేకుండా తీసుకోకండి, తర్వాత పెట్టించుకునే వస్తువు కాదది.

హైదరాబాద్ తరచుగా పోయేవాళ్లు ఫాస్టాగ్ వార్షిక పాసు లెక్క కూడా చూసుకోండి. 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయలకు మొదలైంది, జాతీయ రహదారుల మీద 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అంటే మొదలైనప్పటి ధరకు ఒక గేటుకు 15 రూపాయలు. మన దారిలో కోమళ్ల, గూడూరు రెండు గేట్లు, పోనూ రానూ నాలుగు ట్రిప్పులు. మీ ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తీసి, కిందటి ఏడాది ఈ గేట్ల దగ్గర కోతపడిన మొత్తం కూడండి. అది ఇప్పటి పాసు ధర దాటితే పాసు తీసుకోండి, దాటకపోతే వద్దు.